పులివెందుల నుంచి దీవి దాకా... ఒక్క ఫోటో కోసం!

మీ ఇంట్లో పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఉంటే ఒకసారి తీసి వెనక్కి తిప్పి చూడండి. కొబ్బరిచెట్లు, సముద్రం, అవతల కొండ. చిన్నప్పుడు ఆ బొమ్మ చూసి ఏ చిత్రకారుడో ఊహించి గీశాడనుకునేవాణ్ని. కాదు, అది అండమాన్! రాజధాని పోర్ట్ బ్లెయిర్ నుంచి చూస్తే కనిపించే మౌంట్ హ్యారియట్ కొండ, లైట్‌హౌసు. ఆ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. 2019లో వచ్చిన కొత్త ఇరవై నోటు మీద ఎల్లోరా గుహలు చేరాయి. అయినా పాత నోటు ఇంకా చెల్లుతోంది.

ఆ నోటు మా నాయనకు చూపించి, "ఈడికి పోదాం నాయనా, అందరం" అన్నాను. ఆయన నోటు వైపు చూడనే లేదు.

"చీనీ చెట్లకు నీళ్లు కట్టేదెవురు?"

పులివెందుల చుట్టుపక్కల ఏ రైతింట్లోనైనా ఊరికి పోదామంటే మొదట వచ్చే జవాబు ఇదే. నాయనకు అరవై తొమ్మిదేళ్లు. తిరుపతి, అహోబిలం, ఒంటిమిట్ట... గుడి ఉన్న ఊళ్లన్నీ తిరిగాడు. సముద్రం మాత్రం చూడలేదు.

నా పట్టుదలకు వేరే కారణం ఉంది. మా జేజి, అంటే నాయనమ్మ, పోయినప్పుడు గోడకు పెట్టడానికి ఫోటో వెతికాం. మూడు ఫోన్లలో కలిపి ఐదారు వేల ఫోటోలున్నాయి. గండికోటలో పెన్న లోయ రెండు వందల సార్లు ఉంది. పిల్లలు గంతులేసేవి ఉన్నాయి. బిర్యానీ ప్లేట్లు కూడా ఉన్నాయి. జేజి మాత్రం అన్నిట్లోనూ ఏ మూలనో సంచి పట్టుకుని కూర్చుని ఉంది. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి పటం కట్టించాం. ఇప్పటికీ ఆ పటం కింద దీపం పెట్టేటప్పుడు అమ్మ అంటుంది, "ఆమె ఇట్లా ఉండేది కాదు" అని.

అందుకే ఈసారి ప్రయాణం కట్టేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. మంచి దృశ్యాలు కావాలి, నిజమే. కానీ ఆ దృశ్యంలో ముందు మనవాళ్లు నిలబడాలి. ఈ ఒక్క నియమంతో ప్రణాళిక అంతా మారిపోయింది. ఎట్లాగంటారా?

ముందు పొద్దు లెక్క

ఫోటోకు అసలు పెట్టుబడి వెలుగు. అండమాన్‌లో చాలామంది నష్టపోయేది ఇక్కడే. దేశమంతా గడియారం ఒకటే అయినా సూర్యుడు ఒకటి కాదు కదా! పులివెందుల 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కాస్త అవతల ఉంది. అండమాన్ దీవులు 93 డిగ్రీల దగ్గరున్నాయి. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. లెక్కేస్తే తేడా దాదాపు గంట!

సంక్రాంతి రోజుల్లో మనకు పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే. అక్కడ ఐదూ నలభైకే వెలుగొచ్చేస్తుంది. మనకు సాయంత్రం ఆరు దాటాక పొద్దు కుంకుతుంది. అక్కడ ఐదుంబావుకల్లా సూర్యుడు నీళ్లలోకి దిగిపోతాడు. మనలాగే 'ఐదున్నరకు బీచికి పోదాంలే' అని కాఫీ తాగుతూ కూర్చున్నారో... చీకట్లో అలల చప్పుడు వినొచ్చు, అంతే!

కాబట్టి కాగితం మీద ముందు రాసుకోవాల్సింది చూసే చోట్లను కాదు, సూర్యుడి వేళలను. ఏ తీరం ఎటు తిరిగి ఉందో దాని పక్కన రాయండి. స్వరాజ్ ద్వీప్ (2018 డిసెంబరు దాకా హేవ్‌లాక్) దీవిలో కాలాపత్థర్ తీరం తూర్పు వైపు ఉంటుంది. అది ఉదయానికి. రాధానగర్ తీరం పడమటి వైపు. అది సాయంత్రానికి. షహీద్ ద్వీప్ (అప్పటి నీల్) దీవిలో సీతాపూర్ ఉదయానికి, లక్ష్మణ్‌పూర్ సాయంత్రానికి. ఇవి తలకిందులైతే మొహాలన్నీ నల్లగా పడతాయి.

మరి మిట్టమధ్యాహ్నం? మనుషుల ఫోటోలకు అది చెడ్డ వేళ. కళ్ల కింద నీడలు పడతాయి, అందరూ కళ్లు చికిలించి నిలబడతారు. కానీ తెల్లని ఇసుక మీద పలుచగా పరుచుకున్న నీళ్ల ఆకుపచ్చ, నీలం రంగులు బాగా పైకి తేలేది సూర్యుడు నెత్తిన ఉన్నప్పుడే. ఆ వేళలో నీళ్లను తీయండి, పెద్దవాళ్లను చెట్టు నీడన కూర్చోబెట్టండి.

ఎప్పుడు పోవాలి?

పిల్లల బడి సెలవులు మూడు: దసరా, సంక్రాంతి, వేసవి. దసరా నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. గాలి పెరిగితే దీవుల మధ్య పడవలు ఆపేస్తారు. వేసవిలో ఏప్రిల్ ఫర్వాలేదు గానీ, నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొదట తాకేది అండమాన్‌నే. మే మూడో వారం వచ్చేసరికి అక్కడ వాన మొదలవుతుంది. మిగిలింది సంక్రాంతి. ఆకాశం శుభ్రంగా, సముద్రం నెమ్మదిగా ఉండే కాలం. చిక్కల్లా టికెట్ల ధరే. మూడు నాలుగు నెలల ముందు కొనుక్కోవాలి. చీనీకాయల డబ్బు చేతికి ఎప్పుడొస్తుందో చూసుకుని ప్రయాణం కట్టుకునే ఇళ్లలో ఇది అంత సులువు కాదని నాకూ తెలుసు. మేం ఒక పంట వాయిదా వేసుకున్నాం.

దారి విషయానికొస్తే, మనూళ్లో రైలెక్కే వీలు లేదు. ముద్దనూరుకో, ఎర్రగుంట్లకో, కడపకో పోయి చెన్నై చేరుకోవాలి. అక్కడి నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. ఓడలు కూడా ఉన్నాయి, చెన్నై నుంచీ విశాఖ నుంచీ. కానీ రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. పెద్దవాళ్లతో కష్టం.

జాబితాకు కోత

ఒక ట్రావెల్స్ అతను మాకిచ్చిన కాగితంలో ఐదు రోజులకు పదకొండు చోట్లున్నాయి. ప్రతిదాని పక్కన 'ఫోటో పాయింట్' అని రాసి ఉంది. అది చదివి అమ్మ అడిగింది, "మరి కూర్చునేదెప్పుడు?" అని. ఆ ప్రశ్నే మాకు కత్తెర అయింది.

మొదట పోయింది బారాటాంగ్ సున్నపురాయి గుహలు. తెల్లవారకముందే లేచి, జార్వా తెగవారి అడవి గుండా బండ్ల వరసలో పోవాలి. రోజంతా ప్రయాణమే. మనవాళ్లకు సున్నపురాయి గుహలు కావాలంటే అంత దూరం ఎందుకు? జమ్మలమడుగు నుంచి కాస్త ముందుకు పోతే బెలుం గుహలు లేవూ! మూడు కిలోమీటర్ల పైనే పొడవు.

రెండోది షహీద్ ద్వీప్‌లోని రాతి వంతెన. ఫోటోకు అద్భుతమే. కానీ నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే, పాచి పట్టిన రాళ్ల మీద నడిచి పోవాలి. పైగా ఆటుపోట్ల వేళ రోజూ సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంటుంది. నాయన మోకాళ్లకు అది పనికాదు. 'పోనీ మేం పోయొస్తాం, మీరు కూర్చోండి' అనొచ్చు. అట్లా అనీ అనీనే కదా జేజి ఫోటో లేకుండా పోయింది! ఆ దీవినే వదిలేశాం.

చివరికి మిగిలింది ఇదీ. మొదటి రోజు శ్రీ విజయపురంలో దిగి సెల్యులర్ జైలు. తర్వాత స్వరాజ్ ద్వీప్‌లో మూడు రాత్రులు. మళ్లీ శ్రీ విజయపురంలో ఒక రాత్రి ఖాళీగా. ఆ ఖాళీ రాత్రి దండగ అనుకోకండి. గాలి వల్ల పడవ ఒకరోజు ఆగినా విమానం తప్పిపోకుండా కాపాడేది అదే.

పార్నపల్లెలో రిహార్సల్

బయల్దేరడానికి రెండు వారాల ముందు ఒక సాయంత్రం అందరం పార్నపల్లె పోయాం. చిత్రావతి జలాశయం దగ్గర నీళ్లు, కొండలు, పొద్దుగుంకే ఆకాశం అన్నీ ఉన్నాయి. సముద్రం ముందు చేయబోయే తప్పులన్నీ అక్కడే చేసి వచ్చాం.

మొదటి తప్పు: పొద్దును వెనక పెట్టి తీస్తే మొహాలు నల్లబడ్డాయి. మనుషులను కాస్త పక్కకు తిప్పి, వెలుగు చెంప మీద పడేట్టు నిలబెడితే సరిపోయింది. రెండోది: నీళ్లూ ఆకాశమూ కలిసే గీత సరిగ్గా నాయన మెడ మీదుగా పోయింది. ఫోన్ కాస్త పైకో కిందికో జరిపితే గీత భుజాల కిందికి దిగింది. మూడోది అన్నిటికంటే పెద్దది. తీసేది ఎప్పుడూ నేనే కాబట్టి ఏ ఫోటోలోనూ నేను లేను! మా పాపకు తొమ్మిదేళ్లు. ఆ సాయంత్రం ఫోన్ ఆమె చేతికిచ్చి, "రోజూ సాయంత్రం గంటసేపు నువ్వే ఫోటోగ్రాఫర్" అన్నాం.

నాయనకూ అలవాటైంది. ఫోన్ ఎత్తగానే ఆధార్ కేంద్రంలో లాగా బిగుసుకుపోయే మనిషి, పాప తీస్తుంటే మామూలుగా మాట్లాడుతూ నిలబడ్డాడు.

ఫోన్ దించాల్సిన చోట్లు

అన్నీ తీయడానికే కాదు. కొన్ని చోట్ల ఫోన్ జేబులో ఉండాలి. శ్రీ విజయపురం విమానాశ్రయం నౌకాదళం రన్‌వేతో కలిసి ఉంది. దిగగానే అక్కడ ఫోటోలు మొదలుపెట్టకండి. డ్రోన్లు అనుమతి లేకుండా ఎగరేయకూడదు. జార్వాల అడవి దారిలో పోయేవాళ్లు వారిని ఫోటో తీయడం జైలు శిక్ష పడే నేరం. శిక్ష సంగతి అట్లుంచి, మన చేలోకి ఎవరో బస్సులో వచ్చి మనల్ని చూపించి ఫోటోలు తీసుకుంటే ఎట్లుంటుందో ఆలోచిస్తే చాలు.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని సంచిలో వేసుకోవడమూ కుదరదు. విమానాశ్రయంలో తనిఖీ చేసి తీసేసుకుంటారు. మా బాబు రెండు గుప్పిళ్లు ఏరాడు. "ఫోటో తీసుకుని ఆడనే పెట్టేయ్. అది ఎవరిదో ఇల్లు" అంది అమ్మ. ఇసుక మీద వరసగా పేర్చి తీసిన ఆ గవ్వల ఫోటో ఇప్పుడు వాడి పుస్తకం అట్ట.

సెల్యులర్ జైలులో మాత్రం ఫోటో తీయొచ్చు. 1896లో మొదలై 1906కు పూర్తయిన కట్టడం. ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలింది మూడే. పొడవాటి వసారాల్లో కమ్మీల నీడలు పడి ఎంత బాగుంటాయో! కానీ ఉరికొయ్య గది ముందు నవ్వుతూ సెల్ఫీ దిగేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చినవాడే. 1952 ఎన్నికల్లో లోక్‌సభకు గెలిచాడు కూడా. ఆ మాట పిల్లలకు చెప్పాక వాళ్లే నోరు మెదపకుండా నడిచారు.

"ఏటి బాబూ, ఏవూరు?"

భాష రాదని బెంగపడేవాళ్లకు ఓ మాట. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు! ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లే. మా కారు డ్రైవరు నాయన పంచె చూడగానే, "ఏటి బాబూ, ఏవూరు?" అన్నాడు. "కడప జిల్లాప్పా" అన్నాడు నాయన. ఆ తర్వాత మూడు రోజులూ వాళ్లిద్దరి మాటల మధ్య మాకు సందే దొరకలేదు. ఒకరి యాస ఒకరికి సగమే అర్థమైనా!

రాధానగర్‌కు మధ్యాహ్నం మూడున్నరకే చేర్చింది ఆయనే. "ఇక్కడ పొద్దు మీకోసం ఆగదు" అన్నాడు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మంచి బీచ్‌గా మెచ్చుకున్న తీరం అది. వెనక ఎత్తయిన చెట్ల అడవి, ముందు పిండిలాంటి ఇసుక. నాలుగు దాటాక వెలుగు పసుపు రంగుకు తిరిగింది. అందరూ ఫోన్లెత్తి సూర్యుడి వైపు తిరిగారు. నేనూ ఎత్తబోయాను. పాప నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "నా గంట మొదలైంది నాన్నా."

నాయన పంచె ఎగ్గట్టుకుని మడికి నీళ్లు కట్టడానికి దిగినట్టు సముద్రంలోకి దిగాడు. వంగి దోసిట్లో నీళ్లు తీసుకున్నాడు. నాలుకకు తగిలించి ఉమ్మేశాడు.

"ఇన్ని నీళ్లుండీ ఒక్క చెట్టుకు పనికిరావు గదరా!"

ఎన్ని బోర్లు వేయించి, ఎన్ని ఎండిపోతే చూసిన మనిషో! ఆ మాటకు నవ్వాలో ఏమనాలో తెలియక పక్కన నిలబడ్డాను. ఆయన నా భుజం మీద తడి చేయి వేశాడు. పాప అప్పుడు తీసింది.

ఫోటోలో సముద్రం ఎడమకు ఒరిగిపోయింది. సూర్యుడు సగమే పడ్డాడు. నేర్పిన పాఠాలేవీ దాంట్లో లేవు. కానీ నాయన నోరారా నవ్వుతున్నాడు, పక్కన నేనున్నాను. పెళ్లిళ్ల గ్రూపు ఫోటోలు తీసేస్తే మేమిద్దరం ఉన్న ఫోటో గడిచిన పదిహేనేళ్లలో అదొక్కటే. ఊరికి రాగానే స్టూడియోలో కడిగించి, జేజి పటం ఉన్న గోడకే ఎదురుగా పెట్టాం. స్టూడియో అబ్బాయి "గీత సరిచేయమంటారా సార్?" అని అడిగాడు. వద్దన్నాను.

అంత ఖర్చు ఎందుకనుకుంటే...

దీవి అంటే అండమానే కానక్కర్లేదు. రామేశ్వరం కూడా దీవే! పెద్దవాళ్లకు దర్శనం, మనకు ఫోటోలు. 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త పంబన్ రైలు వంతెన మధ్యభాగం ఓడల కోసం నిట్టనిలువుగా పైకి లేస్తుంది. 1964 తుపానుకు పాడుబడిన ధనుష్కోడి దాటి చివరి కొస దాకా రోడ్డుంది. అక్కడ పొద్దు పొడుపు చూడాలి. ఇంకా దగ్గరైతే విజయవాడ కృష్ణలో భవానీ ద్వీపం. ఒక్కరోజులో పిల్లల ముచ్చట తీరుతుంది. చలికాలంలో పులికాట్ సరస్సు వైపు పోతే రాజహంసలు కనిపిస్తాయి. ఏ చోటికైనా నియమం ఒకటే: చోట్లు తగ్గించండి, వేళ పట్టుకోండి, మనుషుల్ని ముందు నిలబెట్టండి.

సంచి సర్దే ముందు...

* అందరి గుర్తింపు కార్డులు చేతి సంచిలో ఉండాలి. దీవుల మధ్య పడవలకూ అడుగుతారు.
* ఏసీ గదిలోంచి బయటికి రాగానే ఫోన్ అద్దం మీద ఆవిరి పడుతుంది. పావుగంట ముందే బయటపెట్టండి.
* ఉప్పు తుంపర పడిన అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. మంచినీళ్లతో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆ తర్వాత ఆరబెట్టండి.
* పడవలో కడుపు తిప్పే అలవాటుంటే డాక్టరును అడిగి మాత్ర తెచ్చుకోండి.
* అలలకు వీపు పెట్టి రాళ్ల మీద నిలబడొద్దు. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలో దిగొద్దు. మంచి ఫోటో మళ్లీ దొరుకుతుంది.
* రోజూ రాత్రి ఫోటోలను ఇంకో ఫోన్‌లోకి ఎక్కించండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక అక్కడ ఇంటర్నెట్ బాగుపడింది గానీ, పూర్తిగా దాన్నే నమ్ముకోకండి.

ఇవన్నీ తర్వాత సంగతి. ఈ ఆదివారం ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్ తీసి, ఇంట్లో పెద్దవాళ్లు నవ్వుతూ ఉన్న ఫోటోలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఒక చేతి వేళ్లు సరిపోతే... ప్రయాణానికి టికెట్లు కొనేదాకా ఆగొద్దు. ఈ సాయంత్రమే ఇంటి అరుగు మీద మొదలుపెట్టేయండి!